గొంతు తగ్గిస్తే సరిపోదు: టవర్ లేని వైర్‌లెస్ నెట్‌వర్కుల్లో సిగ్నళ్ళ గొడవ, బ్యాటరీ లెక్క

2002లో అమెరికా ఈశాన్య తీరాన, మెయిన్ రాష్ట్రంలోని గ్రేట్ డక్ ఐలాండ్ అనే చిన్న దీవిలో పరిశోధకులు 32 బుల్లి పరికరాలు అమర్చారు. లీచ్ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్ర పక్షులు అక్కడి నేలలో బొరియలు చేసుకుని పిల్లల్ని పెంచుతాయి. మనుషులు మాటిమాటికీ వెళ్ళి తొంగిచూస్తే అవి గూళ్ళు వదిలేసి పోతాయన్న భయం ఉంది. అందుకని బొరియలో వేడి ఎంత, తేమ ఎంత, పక్షి లోపల ఉందా లేదా అన్నది సెన్సర్లతో కనిపెట్టి, ఆ కొలతల్ని రేడియో ద్వారా తెప్పించుకునే ఏర్పాటు చేశారు. ఒక్కో పరికరానికి ఆధారం రెండు ఏఏ బ్యాటరీలు. ఒకసారి పెట్టాక నెలల తరబడి ఎవరూ ముట్టుకోకూడదు. మరుసటి ఏడాది సంఖ్య పెంచి, ఒక పరికరం కొలతల్ని ఇంకొకటి అందుకుని ముందుకు చేరవేసే పద్ధతిని కూడా అక్కడే పరీక్షించారు.

ఇలా టవర్ లేకుండా, తమలో తామే దారి కుదుర్చుకునే పరికరాల గుంపును అడ్‌హాక్ నెట్‌వర్కు అంటారు. అందులోని ప్రతి పరికరం ఒక నోడ్. సెల్‌ఫోన్ల విషయంలో ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత పవర్‌తో, ఏ క్షణాన పంపాలో టవర్ చెబుతుంది. అడ్‌హాక్‌లో అలా చెప్పే పెద్దదిక్కు లేదు. ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా రక్షణ శాఖకు చెందిన డార్పా 1973లోనే యుద్ధరంగం కోసం ప్యాకెట్ రేడియో ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఆ తర్వాత అడవులు, పొలాలు, వంతెనలు, కొండచరియలు విరిగిపడే చోట్లు, ఇలా కరెంటు తీగ వెళ్ళని ప్రతి చోటికీ ఈ ఆలోచన వెళ్ళింది.

ఈ నెట్‌వర్కులకు రెండు కరువులు. ఒకటి బ్యాటరీ. రెండోది గాలి. అంటే అందరూ పంచుకోవాల్సిన రేడియో ఫ్రీక్వెన్సీ. ఒక నోడ్ పంపుతున్నప్పుడు దాని సిగ్నల్ అందే మేరలో ఇంకెవరైనా వేరే సిగ్నల్ అందుకోవాలని చూస్తే రెండూ కలిసిపోయి ఏదీ అర్థం కాదు. ఈ గొడవకే ఇంటర్‌ఫియరెన్స్ అని పేరు. పాడైన ప్యాకెట్‌ను, అంటే ఒక విడతలో పంపే సమాచారపు మూటను, మళ్ళీ పంపాలి, మళ్ళీ పంపితే మళ్ళీ బ్యాటరీ ఖర్చు. కాబట్టి రెండు కరువులూ ఒకదానికొకటి ముడిపడే ఉన్నాయి. ఆ ముడి ఎలాంటిదన్న విషయంలోనే చాలాకాలం ఒక పొరపాటు అభిప్రాయం నడిచింది. పంపే పవర్ తగ్గిస్తే రెండు సమస్యలూ ఒక్క దెబ్బతో తీరిపోతాయన్నదే ఆ అభిప్రాయం.

వినడానికి అది ఎంతో సబబుగా ఉంటుంది. ఫంక్షన్ హాల్లో అందరూ అరుస్తుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. గొంతు తగ్గించి పక్కవాళ్ళతో మాట్లాడుకుంటే అందరి పనీ జరుగుతుంది. ఫిజిక్స్ కూడా ఇదే వైపు మొగ్గు చూపుతుంది. అడ్డంకులు లేని ఖాళీలో దూరం రెట్టింపైతే అందే సిగ్నల్ నాలుగో వంతుకు పడిపోతుంది. నేలకు దగ్గరగా, చెట్లూ గోడలూ ఉన్న చోట ఇంకా వేగంగా తగ్గుతుంది; దూరానికి నాలుగో ఘాతం చొప్పున తగ్గే చోట దూరం రెట్టింపైతే మిగిలేది పదహారో వంతే. అంటే 100 మీటర్ల దూరానికి ఒక్క ఊపున పంపే బదులు మధ్యలో ఒక నోడ్ సాయంతో 50 మీటర్ల చొప్పున రెండు అంగల్లో పంపితే, గాల్లోకి వదలాల్సిన మొత్తం శక్తి ఎనిమిదో వంతు చాలు. చిన్న అంగ అంటే సిగ్నల్ అందే మేర కూడా చిన్న వలయమే. వలయం చిన్నదైతే అందులో చిక్కుకుని ఆగిపోయే పొరుగువాళ్ళూ తక్కువే.

2000లో పీయూష్ గుప్తా, పి. ఆర్. కుమార్ ప్రచురించిన ఫలితం ఈ నమ్మకానికి బలం చేకూర్చింది. ఐఐటీ మద్రాసులో చదివిన కుమార్ అప్పటికి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఒకే స్థలంలో ఎన్ని నోడ్లు చేరితే అంతగా ఒక్కొక్కదానికి దక్కే వేగం పడిపోతుందని, పవర్ ఎంత తెలివిగా సర్దినా ఆ తగ్గుదల సుమారుగా నోడ్ల సంఖ్య వర్గమూలం చొప్పున ఉంటుందని వాళ్ళు గణితంతో చూపించారు. వంద రెట్లు నోడ్లు పెరిగితే ఒక్కో నోడ్ వాటా పదో వంతుకన్నా కిందికి వెళ్తుంది. ఉన్నంతలో మేలైన దారి మాత్రం నెట్‌వర్కు తెగిపోకుండా రేంజిని వీలైనంత చిన్నగా ఉంచడమే.

ఆ రోజుల్లో టోపాలజీ కంట్రోల్ అనే పేరుతో ఎన్నో పద్ధతులు వచ్చాయి. అన్నిటి ధోరణీ ఒకటే. ఒక నోడుకు అందే పొరుగువాళ్ళందరితోనూ సంబంధం పెట్టుకోకుండా కొందరిని ఎంచుకుని, వారిలో అందరికన్నా దూరంగా ఉన్నవారికి సరిపడా పవర్ ఉంచుకుంటే చాలు. ఎవరిని ఎంచుకోవాలన్నదే తేడా. గేబ్రియల్ గ్రాఫ్ అనే పద్ధతిలో రెండు నోడ్ల మధ్య గీతను వ్యాసంగా తీసుకుని వృత్తం గీస్తారు. ఆ వృత్తంలో మూడో నోడ్ ఉంటే ఈ రెండూ నేరుగా మాట్లాడుకోవు. దీని వెనుక ఉన్నది పైథాగరస్ లెక్కే: మూడోది వృత్తం లోపల ఉంటే దాని మీదుగా వెళ్ళే రెండు అంగల వర్గాల మొత్తం నేరు దూరపు వర్గాన్ని మించదు, కాబట్టి గాల్లోకి వదిలే శక్తి ఆదా అవుతుంది. ఈ గ్రాఫ్‌ను 1969లో వాడింది రేడియో వాళ్ళు కాదు, జీవజాతుల్లో ప్రాంతాన్ని బట్టి వచ్చే తేడాల్ని కొలిచేవాళ్ళు. 2001లో వచ్చిన ఇంకో పద్ధతిలో నోడుకు తన స్థానం తెలియాల్సిన పని కూడా లేదు, సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో తెలిస్తే చాలు. ఎటు తిరిగి 150 డిగ్రీల ముక్క తీసుకున్నా అందులో ఒక్క పొరుగునోడైనా ఉండేదాకా పవర్ పెంచుకుంటూ పోయి, అక్కడ ఆగిపోవాలి. అలా చేస్తే నెట్‌వర్కు ముక్కలు కాదని నిరూపించారు. కోణం అంతకు మించితే ఆ హామీ ఉండదు.

ఇవన్నీ కాగితం మీద అందంగా కనిపిస్తాయి. ముందు గజిబిజిగా ఉన్న గీతల బొమ్మ, తర్వాత పొందికైన పలచని వల. గీతలు తగ్గాయి కాబట్టి ఇంటర్‌ఫియరెన్స్ కూడా తగ్గిందని అందరూ అనుకున్నారు. కానీ ఇంటర్‌ఫియరెన్స్‌ను విడిగా కొలిచి చూడలేదు.

కొలిచి చూసినవాళ్ళు స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగరంలో ఉన్న ఈటీహెచ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు. రోజర్ వాటెన్‌హోఫర్ బృందం 2004లో, గీతలు తగ్గినంత మాత్రాన ఇంటర్‌ఫియరెన్స్ తగ్గదని తేల్చింది. ఆ బృందం మరుసటి ఏడాది ముందుకు తెచ్చిన ఉదాహరణ ఈ రంగంలో అన్నిటికన్నా కళ్ళు తెరిపించేదని చెప్పవచ్చు. ఒక తిన్నని రోడ్డు మీద పది నోడ్లున్నాయి. మొదటి రెండింటి మధ్య దూరం ఒక మీటరు. తర్వాత 2, ఆ తర్వాత 4, 8, 16... అలా రెట్టింపవుతూ పోతుంది. ప్రతి నోడ్ తన పక్కనున్న నోడ్‌తోనే మాట్లాడుతుంది. ఇంతకన్నా పొదుపైన వల ఇంకేముంటుంది? ఒక్కోదానికి ఇద్దరే పొరుగువాళ్ళు, అందులోనూ అతి దగ్గరివాళ్ళు.

ఇప్పుడు ఎడమ చివరన ఉన్న మొదటి నోడ్ సంగతి చూద్దాం. రెండో నోడ్ తన కుడి పొరుగుకు చేరాలంటే 2 మీటర్ల రేంజి కావాలి. అది మొదటి నోడుకు ఒక మీటరు దూరంలోనే ఉంది, కాబట్టి ఆ సిగ్నల్ మొదటి నోడ్ మీద పడుతుంది. మూడో నోడ్ రేంజి 4 మీటర్లు, మొదటిదానికి దాని దూరం 3 మీటర్లు. మళ్ళీ పడుతుంది. నాలుగోదానికి రేంజి 8, దూరం 7. ఇలా చివరి నోడ్ తప్ప అన్నీ మొదటి నోడ్ నెత్తిన పడతాయి. పది నోడ్లలో ఎనిమిది దాన్ని సతాయిస్తాయి. వంద నోడ్లుంటే 98. దగ్గరివాళ్ళతోనే మాట్లాడాలన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినందుకు దక్కిన ఫలితం ఇది. అదే వరుసలో అక్కడక్కడ కొన్ని నోడ్లను కూడళ్ళుగా ఎంచుకుని, మిగిలినవి పక్కవాళ్ళను దాటి ఆ కూడళ్ళతోనే మాట్లాడేలా చేస్తే, ఏ ఒక్క నోడ్ మీద పడే గొడవైనా నోడ్ల సంఖ్య వర్గమూలం స్థాయికి దిగివస్తుందని కూడా వాళ్ళు చూపించారు. అంటే కొన్ని నోడ్లు కావాలని దూరపు నోడ్‌ను ఎంచుకోవాలి.

నిజమైన రోడ్డు మీద దూరాలు అంత క్రమంగా రెట్టింపు కావు, నిజమే. కానీ ఊరి నడుమ చిక్కగా, పొలిమేర దాటాక పలచగా, ఆ తర్వాత ఎక్కడో ఒకటి చొప్పున నోడ్లు ఉండటం ఎక్కడైనా కనిపించేదే. ఆ పలచని చోట ఉన్న నోడ్లు దూరానికి పంపాలి కాబట్టి గట్టిగా పంపుతాయి. ఆ దెబ్బ చిక్కని చోట ఉన్నవాళ్ళ మీద పడుతుంది. ఈ లెక్కలో అసలు విషయం పంపేవాళ్ళ వైపు నుంచి చూడటం మాని అందుకునేవాళ్ళ వైపు నుంచి చూడటం. ఒక నోడ్ ఎంతమందిని ఇబ్బంది పెడుతోందన్నది కాదు, ఆ నోడ్ మీద ఎంతమంది సిగ్నళ్ళు పడుతున్నాయన్నది లెక్కపెట్టాలి. ప్యాకెట్ పాడయ్యేది అందుకునే చోటే కదా.

వలయాలు గీసి లోపలా బయటా అని లెక్కపెట్టడం కూడా నిజానికి ఉజ్జాయింపే. సిగ్నల్ ఒక గీత దాటగానే మాయమైపోదు, తగ్గుతూ పోతుంది. రిసీవర్‌కు కావలసింది తనకు రావలసిన సిగ్నల్, మిగతా అన్ని సిగ్నళ్ళూ నాయిసూ (ఎప్పుడూ ఉండే రేడియో రొద) కలిపిన మొత్తం కన్నా కొన్ని రెట్లు బలంగా ఉండటం. ఆ రెట్లు మూడు అనుకుందాం. ఒకే గీత మీద నాలుగు నోడ్లు: 'క' సున్నా మీటరు దగ్గర, 'చ' 6 మీటర్ల దగ్గర, 'ట' 7 దగ్గర, 'త' 9 దగ్గర. 'క' నుంచి 'త'కు ఒక ప్యాకెట్, 'చ' నుంచి 'ట'కు మరొకటి, రెండూ ఒకే క్షణంలో, ఒకే ఫ్రీక్వెన్సీలో వెళ్ళాలి. రెండో సంభాషణ మొదటిదాని కడుపులోనే జరుగుతోంది. వలయాల లెక్కన ఇది కుదరని పని.

సిగ్నల్ దూరానికి మూడో ఘాతం చొప్పున తగ్గుతుందని తీసుకుని లెక్కవేస్తే వేరే సంగతి తేలుతుంది. ఇద్దరూ సమాన పవర్‌తో పంపితే 'త' దగ్గర 'చ' సిగ్నల్ 27 రెట్లు బలంగా ఉండి 'క' మాట మునిగిపోతుంది. పొదుపు సూత్రం ప్రకారం ఎవరి దూరానికి తగ్గట్టు వాళ్ళు పవర్ పెట్టుకుంటే, 'క' పవర్ 'చ' పవర్‌కు 729 రెట్లు అవుతుంది. అప్పుడు 'ట' దగ్గర రావలసిన సిగ్నల్ అడ్డొచ్చే సిగ్నల్‌లో సగానికన్నా తక్కువ, కాబట్టి రెండో సంభాషణ పోతుంది. 'క' పవర్‌ను 'చ' పవర్‌కు సరిగ్గా 100 రెట్లు పెట్టి చూడండి. 'త' దగ్గర నిష్పత్తి 3.7, 'ట' దగ్గర 3.4. నాయిస్ లెక్కలోకి రానంత తక్కువగా ఉంటే రెండు ప్యాకెట్లూ క్షేమంగా చేరతాయి. అందరికీ సమానం కుదరలేదు, కచ్చితమైన పొదుపూ కుదరలేదు. దగ్గరివాళ్ళతో మాట్లాడే 'చ' పొదుపు లెక్కలో తనకు దక్కిన దానికన్నా ఏడు రెట్లకు పైగా గట్టిగా పలికితేనే దూరపు మాటల హోరులో నిలబడింది. 2006లో థామస్ మోసిబ్రోడా, వాటెన్‌హోఫర్ దీన్నే సాధారణ సిద్ధాంతంగా నిరూపించారు: పవర్ అందరికీ ఒకేలా పెట్టినా, దూరానికి సరిపడా మాత్రమే పెట్టినా, కొన్ని అమరికల్లో నోడ్లు ఒక్కొక్కటిగా వంతులు వేసుకోవాల్సిందే. పవర్‌ను వేరేలా సర్దితే అదే పని ఎంతో తక్కువ వంతుల్లో అయిపోతుంది.

ఇక్కడితో ఒక నమ్మకం పోయినట్టే. గాల్లోకి వదిలే శక్తిని అతి తక్కువ చేయడం ఇంటర్‌ఫియరెన్స్‌ను అతి తక్కువ చేయడం కాదు. కొన్నిసార్లు దానికి వ్యతిరేకం కూడా.

ఇక రెండో నమ్మకం. పంపే పవర్ తగ్గిస్తే బ్యాటరీ మిగులుతుందా? ఇది పెన్నూ కాగితంతో తేల్చుకోగలిగిన ప్రశ్న. కానీ చాలా లెక్కల్లో యాంటెన్నా నుంచి బయటికి వెళ్ళే శక్తినే పట్టించుకున్నారు. రేడియో చిప్‌లోని సర్క్యూట్లు కూడా కరెంటు తింటాయి, పంపేటప్పుడూ అందుకునేటప్పుడూ. అమెరికాలోని ఎంఐటీలో వెండీ హైన్‌జెల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ 2000లో లీచ్ అనే పద్ధతిని (పైన చెప్పిన పక్షికీ దీనికీ సంబంధం లేదు) ప్రతిపాదిస్తూ ఒక సాదా లెక్క వాడారు. బిట్టుకు సర్క్యూట్ ఖర్చు 50 నానోజౌళ్ళు, పంపేటప్పుడు దీనికి అదనంగా మీటర్లలో దూరం వర్గానికి 0.1 నానోజౌళ్ళ చొప్పున యాంప్లిఫయర్ ఖర్చు. దీన్నిబట్టి నేరుగా పంపడానికీ, సరిగ్గా మధ్యలో ఒక నోడ్ పెట్టి రెండు అంగల్లో పంపడానికీ తేడా కడితే, 45 మీటర్ల లోపు దూరాలకు నేరుగా పంపడమే చవక. మధ్యనోడ్ అందుకోవడానికీ తిరిగి పంపడానికీ అయ్యే ఖర్చు, దూరం తగ్గించి మిగుల్చుకున్న దానికన్నా ఎక్కువ. ఎనిమిదో వంతు చాలన్న మొదటి లెక్క ఇలా తలకిందులవుతుంది.

దీనికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. సెన్సర్ నెట్‌వర్కుల పరిశోధనలో సీసీ2420 అనే రేడియో చిప్‌ను విరివిగా వాడారు. దాని లెక్కలు ఇలా ఉంటాయి: పూర్తి పవర్‌తో పంపేటప్పుడు 17.4 మిల్లీ ఆంపియర్లు, అతి తక్కువ పవర్‌తో పంపేటప్పుడు 8.5. ఇక అందుకునేటప్పుడు 18.8. పంపడం కన్నా వినడానికే ఎక్కువ ఖర్చు! అదీ ఎవరైనా మాట్లాడుతుంటేనే కాదు, ఎవరూ మాట్లాడకపోయినా సరే, చెవి ఒగ్గి ఉన్నంతసేపూ అంతే. ఈ చిప్ వేగం సెకనుకు 2,50,000 బిట్లు కాబట్టి అతి పెద్ద ప్యాకెట్ కూడా 4.3 మిల్లీసెకన్లలో వెళ్ళిపోతుంది. నిమిషానికి ఒక ప్యాకెట్ పంపుతూ మిగతా సమయమంతా వింటూ కూర్చున్న నోడులో, పంపడానికయ్యే ఖర్చుకు వినడానికయ్యే ఖర్చు సుమారు 15 వేల రెట్లు. అందులో పంపే పవర్‌ను సగం చేస్తే మిగిలేది లెక్కలోకే రాదు.

2,500 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీతో చూస్తే, రేడియో ఎప్పుడూ తెరిచి ఉంచిన నోడ్ ఐదున్నర రోజుల్లో ఆరిపోతుంది. నూటికి ఒక వంతు సమయమే తెరిచి ఉంచి మిగతా అంతా నిద్రపుచ్చితే, నిద్రలో చిప్ 20 మైక్రో ఆంపియర్లు తాగినా, 500 రోజులు నడుస్తుంది. ప్రాసెసర్, సెన్సర్ల ఖర్చు కలిపితే అన్ని రోజులు రాకపోవచ్చు గానీ, వారానికీ ఏడాదికీ మధ్య తేడా ఎక్కడుందో మాత్రం స్పష్టమే. అందుకే బ్యాటరీ గురించి మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న ఎంత గట్టిగా పంపాలన్నది కాదు, ఎప్పుడు వినాలన్నది. ఈ రెండో ప్రశ్నను పక్కనపెట్టి పవర్ పొదుపు గురించి ఎన్ని గ్రాఫులు గీసినా నోడ్ ఆయుష్షు పెరగదు.

అయితే నిద్రకూ ఒక వెల ఉంది. ఆ వెల చెల్లించాల్సింది మళ్ళీ గాల్లోనే. 2004లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బీ-మ్యాక్ పద్ధతిలో ప్రతి నోడ్ కొంతసేపటికొకసారి లేచి, గాల్లో ఏమైనా సందడి ఉందా అని క్షణకాలం చూసి, లేకపోతే మళ్ళీ పడుకుంటుంది. పంపేవాళ్ళకు ఎదుటివాళ్ళు ఎప్పుడు లేస్తారో తెలియదు కాబట్టి, అసలు ప్యాకెట్‌కు ముందు అంతసేపూ మేలుకొలుపు సిగ్నల్ వదులుతూ ఉండాలి. 100 మిల్లీసెకన్లకొకసారి లేచే ఏర్పాటైతే, 4 మిల్లీసెకన్ల ప్యాకెట్ కోసం గాలిని 100 మిల్లీసెకన్లకు పైగా ఆక్రమించాలి. పాతిక రెట్లు. ఈలోగా చుట్టుపక్కల లేచిన ప్రతి నోడూ అది తనకేనేమోనని వింటూ ఉండిపోతుంది. అందుకునేవాళ్ళ బ్యాటరీ మిగిలింది, అందరి గాలి ఖర్చైపోయింది. నోడ్లు పలచగా ఉండి మాటలు అరుదుగా సాగే చోట ఇది మంచి బేరమే. రద్దీగా ఉన్న చోట కాదు. 2006లో వచ్చిన ఎక్స్-మ్యాక్, పొడవాటి సిగ్నల్‌ను ముక్కలు చేసి ప్రతి ముక్కలోనూ ఎవరికన్న చిరునామా పెట్టి, అవతలివాళ్ళు లేవగానే మధ్యలోనే జవాబిచ్చే వీలు కల్పించి ఈ దుబారాను చాలావరకు తగ్గించింది.

దీనికన్నా గట్టి దారి, ఎవరు ఎప్పుడు లేవాలో ముందే ఒప్పందం చేసుకోవడం. 2012లో, తక్కువ పవర్ రేడియోల కోసం రాసిన ఐఈఈఈ 802.15.4ఈ ప్రమాణంలో చేరిన టీఎస్‌సీహెచ్ పద్ధతి ఇదే చేస్తుంది. కాలాన్ని సాధారణంగా 10 మిల్లీసెకన్ల గడులుగా కోస్తారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 16 ఛానళ్ళు ఉన్నాయి. ఏ గడిలో, ఏ ఛానల్‌లో, ఎవరు ఎవరితో మాట్లాడాలో పట్టిక ఉంటుంది. పట్టికలో పేరు లేనివాళ్ళు పడుకుంటారు. ప్రతిసారీ ఛానల్ మారుతుంది కాబట్టి పక్కింటి వైఫై ఒక ఛానల్‌ను ఆక్రమించినా మిగతావి నడుస్తాయి. ఇంటర్‌ఫియరెన్స్, బ్యాటరీ రెండూ కలిసి ఒకేసారి తగ్గే చోటు ఉందంటే అది ఇదే. పవర్ సర్దుబాటులో దొరకనిది సమయం సర్దుబాటులో దొరికింది. కష్టమల్లా గడియారాలతోనే. చవక క్రిస్టల్ గడియారాలు పది లక్షలకు ఇరవై వంతులు అటూ ఇటూ పోతాయి. రెండు నోడ్ల గడియారాలు ఎదురెదురు దిక్కుల్లో తప్పితే 25 సెకన్లకు ఒక మిల్లీసెకను తేడా వచ్చేస్తుంది. అందుకని అప్పుడప్పుడు పలకరించుకుని గడియారాలు కలుపుకుంటూ ఉండాలి.

సమయం ఇంకా కచ్చితంగా కలిస్తే ఇంటర్‌ఫియరెన్సే సాయం చేసే పరిస్థితి వస్తుంది. 2011లో ఈటీహెచ్ జూరిక్ నుంచే వచ్చిన గ్లాసీ పద్ధతిలో, ప్యాకెట్ అందుకున్న నోడ్లన్నీ దాన్ని ఒక్కసారిగా తిరిగి పంపుతాయి. ఒకే ప్యాకెట్, అర మైక్రోసెకను లోపు తేడాతో. వినేవాళ్ళకు అవి వేర్వేరు సిగ్నళ్ళుగా గొడవపడవు, కలిసి ఒకటిగా అందుతాయి. వంతుల కోసం ఎవరూ ఎదురుచూడక్కరలేదు కాబట్టి కొద్ది మిల్లీసెకన్లలో నెట్‌వర్కంతా కబురు పాకి, అందరూ తిరిగి పడుకోవచ్చు. 1999లో తైవాన్ పరిశోధకులు, విన్న ప్రతి నోడూ విన్నదాన్ని తిరిగి చాటితే బ్రాడ్‌కాస్ట్ తుఫాను వస్తుందని హెచ్చరించారు. అలా చాటినందువల్ల కొత్తగా చేరే ప్రాంతం ఆ నోడ్ వలయంలో ఎక్కువలో ఎక్కువ 61 శాతం, సగటున 41 శాతమేనని లెక్కగట్టారు. గ్లాసీ అదే తుఫానును క్రమశిక్షణలో పెట్టి వాడుకుంది.

సమయం కలపడం ఎంత ముఖ్యమో మన దగ్గర కూడా ఒక ప్రయత్నంలో బయటపడింది. 2000ల మధ్యలో పశ్చిమ గోదావరి గ్రామాలను దూరపు వైఫైతో కలిపి పాఠాలు, వైద్య సలహాలు వీడియోలో అందించేందుకు బైర్రాజు ఫౌండేషన్ అశ్విని అనే నెట్‌వర్కు నడిపింది. కాన్పూర్ ఐఐటీ వాళ్ళు ఉత్తరప్రదేశ్‌లో డిజిటల్ గ్యాంజెటిక్ ప్లెయిన్స్ పేరుతో అలాంటిదే కట్టారు. ఇవి ముందే ప్లాన్ చేసి టవర్ల మీద పెట్టిన నెట్‌వర్కులు కాబట్టి కచ్చితంగా అడ్‌హాక్ అనలేం. కానీ సమస్య ఒక్కటే. ఒకే టవర్ మీద నాలుగు ఊళ్ళ వైపు తిప్పిన నాలుగు యాంటెన్నాలుంటాయి. ఒకటి పంపుతుంటే దాని పక్కలకు కారే సిగ్నల్ చాలు, కిలోమీటర్ల దూరం నుంచి బలహీనంగా వస్తున్న సిగ్నల్‌ను పక్క యాంటెన్నా అందుకోలేకపోవడానికి. కాన్పూర్ ఐఐటీకి చెందిన భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ఇచ్చిన పరిష్కారం తేలికైనదే కానీ ఎంతో లోతైనది: టవర్ మీదున్న యాంటెన్నాలన్నీ ఒకేసారి పంపాలి, లేదా అన్నీ ఒకేసారి వినాలి. ఒక టవర్ పంపే వంతులో ఉన్నప్పుడు దానికి కలిసిన టవర్లన్నీ వినే వంతులో ఉండాలి. అందుకోసం ఊళ్ళను రెండు జట్లుగా విడదీయగలిగేలా వల అల్లాలి, ఒకే జట్టులోని రెండు ఊళ్ళ మధ్య లింకు ఉండకూడదు. మామూలు వైఫైలో ఉండే, ముందు విని ఖాళీగా ఉంటేనే పంపాలన్న నియమం ఇక్కడ అడ్డంకి అవుతుంది కాబట్టి దాన్ని పక్కనపెట్టారు.

అదే బృందం 2006లో చేసిన ఇంకో పని కరెంటు కోతల పల్లెలకు సరిగ్గా సరిపోయేది. వైఫై పరికరాన్ని రోజంతా ఆన్‌లో ఉంచలేని చోట, దాని పక్కన బ్యాటరీతో నడిచే సెన్సర్ నోడ్ ఒకటి పెట్టారు. రెండు రేడియోలూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి. కాబట్టి దూరపు వైఫై సిగ్నల్ వస్తే ఈ చిన్న చిప్‌కు అందులోని మాట అర్థం కాకపోయినా సందడి తెలుస్తుంది. ఆ సందడి తెలియగానే పెద్ద పరికరాన్ని స్విచ్చాన్ చేస్తుంది. ఒకరికి ఇంటర్‌ఫియరెన్స్ అయినది ఇంకొకరికి మేలుకొలుపు అయింది.

ఇంత చేసినా ఒక ఇబ్బంది తీరలేదు. సెన్సర్ నెట్‌వర్కుల్లో కొలతలన్నీ చివరికి, వాటిని బయటికి పంపే గేట్‌వే అనే ఒక్క పరికరానికే చేరాలి. నూరు నోడ్లున్న పొలంలో గేట్‌వేను నేరుగా అందుకోగలిగినవి నాలుగే ఉంటే, మిగతా 96 నోడ్ల మాటలు ఆ నాలుగింటి మీదుగానే పోవాలి. ఒక్కోదానికి సగటున 24 నోడ్ల బరువు. వాటికి నిద్ర తక్కువ, గాలి రద్దీ కూడా అక్కడే ఎక్కువ, చెడిపోయి మళ్ళీ పంపే ప్యాకెట్లూ అక్కడే. అవి ఆరిపోతే మిగతా 96 నోడ్లలో బ్యాటరీ నిండుగా ఉన్నా ఒక్క కొలతా బయటికి రాదు. చుట్టుపక్కల నోడ్ల కొలతల్ని పోగుచేసి గేట్‌వేకు పంపే బాధ్యతను వంతులవారీగా మార్చుతూ పోయే లీచ్ లాంటి పద్ధతులు నోడ్లన్నీ గేట్‌వేకు నేరుగా పంపగలవని ఊహించుకున్నాయి, పెద్ద పొలంలో అది కుదరదు. కాబట్టి సోలార్ పలక కొనడానికి ఒకటి రెండింటికే డబ్బుంటే వాటిని గేట్‌వే పక్కనున్న నోడ్లకే పెట్టాలి, కుదిరితే పొలం ఇంకో మూలన రెండో గేట్‌వే పెట్టి ఆ బరువును చీల్చాలి.